బొమ్మ పోయిన పది నిమిషాలు

మైకమ్మకు గుసగుసగా మాట్లాడడం రాదు. పద్నాలుగేళ్లుగా బస్ స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో జనానికి చెప్పడమే ఆమె ఉద్యోగం. అలాంటి గొంతుకు తగ్గడం ఎలా అలవాటవుతుంది? ఇంట్లో అగ్గిపెట్టె ఎక్కడుందని అడిగితే పక్కింటివాళ్లు కూడా వెతకడం మొదలుపెడతారు. డిపోలో డ్రైవర్లు సరదాకి పెట్టిన పేరు ఆమె వెంటే ఇంటిదాకా వచ్చి అక్కడే స్థిరపడిపోయింది.

అలాంటి మనిషి, సినిమా హాల్లో మామగారి పక్కన కూర్చుని, ఇంకెవరికీ వినపడకుండా, రెండు గంటల పది నిమిషాల బొమ్మనంతా ఆయన చెవిలో చెప్తానని మాటిచ్చింది. ఇచ్చేసి నాలిక్కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది.

మామగారిని అందరూ ఆపరేటర్ గారనే అంటారు. ముప్పై ఎనిమిదేళ్లు సినిమా హాలు పైగదిలో ప్రొజెక్టర్ నడిపిన మనిషి. ఆయన సినిమాలు చూసినట్టు ఇంకెవరూ చూసి ఉండరు. గోడలో జానెడు అద్దం, పక్కన గడగడమంటూ మిషను. ఆ రొదలో మాట వినపడదు. వినిపించడానికి పెట్టిన చిన్న స్పీకరు గోల పడలేక దాన్ని ఆయనే నొక్కేసేవాడు. రీలు అయిపోయే ముందు తెర మూల ఒక చుక్క పడుతుంది. అది పడగానే రెండో మిషను అందుకోవాలి. కన్నంతా ఆ చుక్క మీదే. అలా వేలకొద్దీ సినిమాలు మాటల్లేకుండా చూశాడు. ఏ రీల్లో పోట్లాట, ఏ రీల్లో కన్నీళ్లు అన్నది ఆయనకు కంఠోపాఠం. ఎవరు ఎవర్ని ఏమన్నారంటే మాత్రం నోరు తెరిచేవాడు కాదు.

చివరికి ఆ కళ్లే మోసం చేశాయి. కంటి నరం మెల్లమెల్లగా ఎండిపోతుంటే, చెబితే ఉద్యోగం పోతుందని నోరు కట్టుకుని కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం ఆటలో ఫోకస్ పోయి, బొమ్మ మసకబారి, పావుగంటసేపు అలాగే నడిచింది. కింద జనం ఈలలు వేశారు, కుర్చీలు చరిచారు, ఆయన్నీ ఆయన పుట్టుకనీ కలిపి తిట్టారు. ఎందుకు తిడుతున్నారో ఆయనకు అర్థం కాలేదు, ఆయన కంటికి లోకమంతా అప్పటికే అలాగే ఉంది. మేనేజరు పరుగెత్తుకొచ్చి లెన్సు తిప్పాక గానీ తెలియలేదు. ఆ రోజు మెట్లు దిగి వచ్చినవాడు మళ్లీ హాలు గడప తొక్కలేదు. మరో ఆరు నెలలకు వెలుతురుకీ చీకటికీ తేడా కూడా తెలియకుండా పోయింది.

అప్పట్నుంచి అన్నానికి తప్ప గది దాటితే ఒట్టు. మంచం, కిటికీ పక్కన కుర్చీ, స్నానాలగది. పద్నాలుగు నెలలు. ఇంట్లో 'చూడు' అన్న మాట ఎవరూ అనరు. అది ఎవరో పెట్టిన నియమం కాదు. ఒకసారి కొడుకు పొరపాటున "చూడు నాన్నా, ఏం ఎండగా ఉందో" అన్నాడు. పెద్దాయన సగం అన్నంలో లేచి వెళ్లిపోయాడు. అంతే, ఆ మాటని అందరూ గుంతని తప్పించుకున్నట్టు తప్పించుకోవడం మొదలుపెట్టారు. మైకమ్మ 'కూర రుచి చూడండి' అనబోయి ఎన్నిసార్లు గుటకలు మింగిందో లెక్కలేదు. ఇలా కూర్చునే ఉంటే కాళ్లు కూడా కట్టేస్తాయనీ, ఆ తర్వాత మంచమే గతి అనీ డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. కొడుకు బతిమాలాడు, విసుక్కున్నాడు, అలిగాడు. పెద్దాయన దగ్గర ఏ పప్పులూ ఉడకలేదు.

ఇలా ఉండగా, ఆయన పనిచేసిన హాల్లోనే ఒక ప్రేమకథ ఆడుతోందనీ, నవ్వి నవ్వి పొట్ట చెక్కలవుతోందనీ బస్సుల కోసం నిలబడ్డ ఆడవాళ్లు చెప్పుకుంటుంటే మైకమ్మ వింది. కథలో ఏమీ లేదట, మొదటి పది నిమిషాలకే ఆఖరు తెలిసిపోతుందట, అయినా మళ్లీ వెళ్లాలనిపిస్తోందట. ఆ రోజు భోజనాల దగ్గర ఆ ముక్క నోరు జారింది. కొడుకు భయంభయంగా తండ్రివైపు తిరిగాడు. ఆపరేటర్ గారు చాలాసేపు మెతుకులు కెలికి, చివరికి ఒక బేరం పెట్టాడు.

"ఒక్కటంటే ఒక్క సినిమా. వస్తాను. వచ్చాక నాకు బాగోకపోతే, ఇక ఈ జన్మకి నన్ను గదిలోంచి కదలమని మీరిద్దరూ అడగకూడదు. నడకనీ, గాలనీ, డాక్టరు చెప్పాడనీ ఏదీ అనకూడదు. ఒప్పుకుంటే చేతిలో చెయ్యెయ్యండి."

ఆయన అన్నాడంటే అన్నట్టే. కొడుకు వెనకాడాడు. మైకమ్మ బొమ్మంతా చెవిలో చెప్తానని ముందు చెయ్యేసింది, తర్వాత భయపడింది. ఆవిడ తత్వమే అంత.

కొడుక్కి పగటి డ్యూటీ. అందుకని మర్నాడు మధ్యాహ్నం ఆటకి మామా కోడళ్లిద్దరే బయల్దేరారు. హాలు మెట్ల దగ్గరికి రాగానే ఆయన ఆమె భుజం మీంచి చెయ్యి తీసేసి, తొమ్మిది మెట్లూ లెక్కపెట్టుకుంటూ ఒక్కడే ఎక్కాడు. అలవాటుగా ఎడమవైపు, పైగదికి వెళ్లే సన్న మెట్లవైపు తిరిగాడు కూడా. అంతలో గుర్తొచ్చి ఆగాడు. మైకమ్మ మోచెయ్యి అందించింది. ఆట నడుస్తుండగా హాల్లో సీటులో కూర్చోవడం ఆయనకు బతుకులో అదే మొదటిసారి. చేతుల కింద చెక్కనీ, వెనక మెత్తనీ తడిమి, "ఇంత ఇరుగ్గా ఉంటాయా" అని మాత్రం అన్నాడు.

జనం నలభై మంది ఉంటారేమో. సినిమా వచ్చి మూడో వారం. వాళ్ల ముందు వరసలో ఒక బట్టతల పెద్దమనిషి, భార్యతో. లైట్లు ఆరాయి. మైకమ్మ గొంతు సవరించుకుని, వీలైనంత తగ్గించి మొదలుపెట్టింది.

"దయచేసి వినండి."

బట్టతలాయన గిరుక్కున తిరిగాడు. పద్నాలుగేళ్ల అలవాటు, నోరు దానంతటదే అనేసింది. ఆవిడ నాలిక్కరుచుకుని మళ్లీ అందుకుంది. హీరోయిన్ ఎడమవైపు నుంచి కుడివైపుకు బయల్దేరుతున్నదని చెప్పింది. హీరో మెట్ల మీద సిద్ధంగా ఉన్నాడంది. నాయనమ్మ రావడం కొంత ఆలస్యమవుతుందంది. బస్సుల్ని తప్ప మనుషుల్ని ఎలా చెప్పాలో ఆమెకు నిజంగా తెలియదు. ముందు వరస నుంచి 'ష్' అని మూడుసార్లు వినపడింది. ఆపరేటర్ గారు పెదవి బిగించి, కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. కొంప మునిగిందనుకుంది మైకమ్మ.

కథ చెప్పుకుంటే చాలా సులువు. అమ్మాయిది లాండ్రీ షాపు. అబ్బాయి పళ్ల డాక్టరు, ఆడామగా అందరూ అతణ్ని చూసి పారిపోయేవాళ్లే. అతనో గోధుమరంగు కోటు ఉతకడానికిస్తాడు. గుండీ ఒకటి ఊడిపోయి ఉంటే, సరిపోయే గుండీ దొరక్క ఆ పిల్ల ఎర్రది కుట్టి పంపుతుంది. అతను కోపంగా వస్తాడు, కసురుకుంటాడు, మర్నాడు ఇంకో కోటు పట్టుకొస్తాడు. ఆ తర్వాత షర్టు. ఆ తర్వాత ఉతికిన షర్టే మళ్లీ ఉతకడానికి. ఇక పిల్లకి ఒక నాయనమ్మ, ఆవిడకో కట్టుడు పళ్ల సెట్టు, ఆ సెట్టుని ఎత్తుకుపోయే కుక్క. పెద్ద కారున్న పెళ్లికొడుకొకడు కూడా ఉన్నాడు, వాడు లేకపోతే సినిమా ఇంటర్వెల్‌కే అయిపోదూ?

నాలుగో సీనుకి ఆపరేటర్ గారు నోరు విప్పాడు.

"ఇప్పుడు ఆ కారువాడు వస్తాడు."

వచ్చాడు. మైకమ్మ చెప్పింది. ఆయన తలాడించాడు. కాసేపటికి, అతను ఇంకెవరితోనో కనపడి ఆ పిల్ల అపార్థం చేసుకుంటుందన్నాడు. చేసుకుంది. కాకపోతే అతని పక్కనున్నది అతని చెల్లెలని ఒక రీలు పోయాక తెలుస్తుందన్నాడు. తెలిసింది. అలా ఆయన ముందు చెప్పడం, తెర వెనకాలే చెయ్యడం, మైకమ్మ ఔనని ఖాయం చెయ్యడం. చివరికి తెర ఆయన మాట వింటున్నట్టే అనిపించింది. నాయనమ్మ పళ్లు నొప్పి అని అబద్ధమాడి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి, కుర్చీలో పడుకుని, నోట్లోంచి సెట్టు తీసి చేతిలో పెట్టి "ఏ పన్నో నువ్వే కనుక్కో బాబూ" అన్నప్పుడు ఆపరేటర్ గారి భుజాలు కదిలాయి. మైకమ్మ తెర వదిలేసి ఆయన భుజాలవైపే ఉండిపోయింది. పద్నాలుగు నెలల తర్వాత మామగారు నవ్వారు. ఆమెకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో రెండు సీన్లు చెప్పనేలేదు.

ఇంటర్వెల్‌లో ఆయన మళ్లీ బిగదీసుకున్నాడు.

"ఏముందిందులో, అంతా తెలిసిందే" అన్నాడు.

మైకమ్మ పాప్‌కార్న్ పొట్లం ఆయన చేతిలో పెట్టి, ఎంత తెలిసిందేమిటో చెప్పమంది. అనడం వెటకారంగా అన్నా, ఆశ ఆశగానే ఉంది. ఆయన రెట్టించినట్టు మిగతా కథంతా వరసగా ఏకరువు పెట్టాడు. పెళ్లి కుదురుతుంది. పిల్ల ఊరొదిలి వెళ్లిపోతుంది. ఆఖరి రీలు రైల్వేస్టేషన్లోనే. రైలు కదులుతుంది, అతను పరుగెత్తుకొస్తాడు, జనాన్ని తోసుకుంటాడు, ఎవరిదో సామాను పడేస్తాడు. వాన పడుతుంది, అతని చేతిలో గొడుగుంటుంది. రైలెళ్లిపోయిందని అతను కూలబడితే ఆ పిల్ల వెనక నిలబడి ఉంటుంది. కోటుకున్న ఎర్రగుండీ తెంపి చేతిలో పెడతాడు. అంతే సినిమా.

అంతా చెప్పి, కాసేపు పాప్‌కార్న్ నమిలి, మామూలుగా అడిగాడు.

"ఇంతకీ ఆ పిల్ల మొహం ఎలా ఉంటుంది?"

మైకమ్మకు ప్రాణం లేచొచ్చింది. బుగ్గలు కాస్త ఎక్కువనీ, నవ్వితే కళ్లు మూసుకుపోతాయనీ, కోపమొస్తే ఇస్త్రీ పెట్టె పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోతుందనీ చెప్పింది. చెప్తూ చెప్తూ ఉండగానే బస్సుల భాష ఎటో పోయింది. సెకండాఫ్‌లో ఇక ఆమె ఒక చెల్లెలి గురించి చెప్పినట్టే చెప్పింది. గొంతు తగ్గించడం మర్చిపోయిందేమో కూడా. బట్టతలాయన 'ష్' అనడం మానేశాడు. అలసిపోయాడనుకుంది.

సినిమా సరిగ్గా మామగారి దారిలోనే నడిచింది. పెళ్లి కుదిరింది. పిల్ల మనసు మార్చుకుని, ఎవరికీ చెప్పకుండా పెట్టె సర్దుకుని స్టేషన్‌కి వెళ్లింది. నాయనమ్మ కుక్కని వెంటేసుకుని పళ్ల డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. పిల్ల రైలు మెట్టు మీద కాలు పెట్టింది. అప్పుడు తెర ఆరిపోయింది.

టప్ మని, దీపం ఆర్పినట్టు. మాట మాత్రం ఆగలేదు. నల్లటి హాల్లో రైలు కూత వినపడుతోంది, జనం గోల వినపడుతోంది, వయొలిన్లు మోగుతున్నాయి. బొమ్మ లేదు.

బస్ స్టేషన్‌లో మైకమ్మకు మొదటిరోజు నేర్పిన సూత్రాలు రెండే. బస్సుల వేళలు చూపే బోర్డు ఆరిపోతే గొంతు ఆగకూడదు, ఆగితే జనం కంగారుపడి తొక్కుకుంటారు. రెండోది, తెలియని బస్సుని వస్తోందని చెప్పకూడదు. మొదటిది ఆమె ఒంటికి పట్టింది. బోర్డు ఆరగానే నోరు నడిచింది.

"పిల్ల రైలెక్కేసింది. కిటికీ పక్కన కూర్చుంది" అంది, చాలా గట్టిగానే.

హాల్లో 'ఓ' అని ఒక మూలుగు బయల్దేరింది. వెనక నుంచి ఎవరో ఈల వెయ్యబోయారు. బొమ్మ పోయిందని ఈ మనిషికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? అదే హాలు, అదే మధ్యాహ్నం ఆట, అవే ఈలలు. ఆ రోజంతా తిరిగొస్తుంది. కర్ర పట్టుకుని లేచి ఇంటికి నడుస్తాడు, గదిలోకెళ్లి తలుపేసుకుంటాడు, చేతిలో చెయ్యేసిన మాట ఉండనే ఉంది. ఇక జన్మకి ఆ తలుపు తెరుచుకోదు.

"అందుకే జనమంతా అయ్యో అంటున్నారు మామయ్యగారూ, పిల్ల వెళ్లిపోతోందని" అంది.

రెండో సూత్రాన్ని తొక్కేసి ముందుకే వెళ్లింది. చీకట్లో చెప్పడానికి ఆమె దగ్గరున్నదల్లా ఇంటర్వెల్‌లో మామగారు చెప్పిన కథే. దాన్నే పట్టుకుంది. అతను వచ్చాడంది, పరుగెత్తుతున్నాడంది. స్పీకర్లో అడుగుల చప్పుడు దబదబా వినపడి ఆమెను ఆదుకుంది. ఏదో ధనామని పడింది. ఎవరిదో ట్రంకుపెట్టె పడేశాడంది. కుక్క మొరిగింది. కుక్క మామగారి లెక్కలో లేదు. ఒక్క క్షణం మాట తడబడింది.

ముందు వరస బట్టతలాయన వెనక్కి తిరిగి, చీకట్లోనే అందించాడు. "నాయనమ్మ కుక్కండీ. అది కూడా వచ్చి ఉంటుంది."

"నాయనమ్మ కుక్క కూడా వచ్చింది. అతనికంటే ముందు పరుగెడుతోంది."

"కొంచెం గట్టిగా చెప్పండమ్మా. ఇక్కడికి వినపడ్డం లేదు" అన్నారెవరో మూలనుంచి.

ఈల మళ్లీ రాలేదు. నలభై మందీ, ఎదురుగా నల్లటి గోడలాంటి తెర పెట్టుకుని, ఒక బస్ స్టేషన్ గొంతు వింటూ కూర్చున్నారు. మైకమ్మ బతుకులో అంత శ్రద్ధగా ఆమెను ఎవరూ వినలేదు. బస్సు కోసం వినేవాళ్లకి బస్సే ముఖ్యం. రైలు చప్పుడు దూరమైంది. అతను ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా నిలబడిపోయాడంది. వాన మొదలైందంది. చేతిలో గొడుగుంది గానీ తెరవడం కూడా మర్చిపోయాడంది, కాసేపటికి తెరిచాడంది. తర్వాత స్పీకర్లన్నీ ఆగిపోయాయి. వయొలిన్లు లేవు, మాట లేదు.

ఆపరేటర్ గారు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఏమవుతోందమ్మా?"

"వెనక నిలబడి ఉంది మామయ్యగారూ. రైలెక్కలేదు. ఇందాక నేనే పొరబడ్డాను, కాలు పెట్టి మళ్లీ దిగిపోయింది. అతను తిరిగాడు. ఏమీ మాట్లాడ్డం లేదు. ఇన్నిసార్లు వచ్చి కోటు ఉతకమన్నాడు కదా, ఇప్పుడు చెప్పడానికి ఒక్క ముక్క దొరకడం లేదు. ఆ పిల్లకి తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు. అతని నోటితో వినాలని నిలబడింది. గుండీ తెంపాడు. ఇదిగో, చెయ్యి చాపాడు."

అప్పుడు స్పీకర్లో ఆ పిల్ల నవ్వింది. సరిగ్గా అప్పుడే బొమ్మ వచ్చింది.

తెర మీద ఎండ కాస్తోంది. వాన జాడే లేదు. పళ్ల డాక్టరు ప్లాట్‌ఫారం మీద చతికిలబడి ఉన్నాడు, పిల్ల కూడా అతని పక్కన నేల మీదే కూలబడి పొట్ట పట్టుకుని నవ్వుతోంది, ఎర్రగుండీ కుక్క నోట్లో ఉంది. హాలంతా ఘొల్లుమంది. అంతటితో ఆగక చప్పట్లు కొట్టారు, తెరవైపు కాదు, వెనక్కి తిరిగి. బట్టతలాయన లేచి మరీ కొట్టాడు. మైకమ్మ కుర్చీలో కుంచించుకుపోయింది.

"ఎందుకలా నవ్వుతున్నారు?" అన్నాడు ఆపరేటర్ గారు.

గుండీ కుక్క ఎత్తుకుపోయిందని చెప్పింది. అది నిజమే కాబట్టి ధైర్యంగా చెప్పగలిగింది. మిగతాది బయటికెళ్లాక చెప్పెయ్యాలనుకుంది. తెలియని బస్సుని చెప్పడం తప్పు. మామగారికి అబద్ధం చెప్పి ఆయన పెట్టిన బేరం నెగ్గడం ఇంకా తప్పు. ఏమైతే అదవుతుంది.

కానీ ఆమెకంటే ముందే గుమ్మం దగ్గర ఆ పని జరిగిపోయింది. తలుపు పక్కన ఒక నడివయసు మనిషి, చెమటతో తడిసిన చొక్కాతో నిలబడి, బయటికొచ్చే ప్రతివాళ్లకీ ఒక్కో పాసు ఇస్తున్నాడు. పైగదిలో ఇప్పుడు పనిచేసే ఆపరేటరు అతనే. తలెత్తకుండా ప్రతివాళ్లకీ ఒకే మాట చెప్తున్నాడు. పది నిమిషాలు బొమ్మ పోయినందుకు క్షమించాలి, ఈ పాసు మీద ఎప్పుడైనా మళ్లీ రావచ్చు.

మైకమ్మ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆపరేటర్ గారు మాత్రం ఆగలేదు. ఆ గొంతు వచ్చినవైపు రెండడుగులు వేసి అడిగాడు.

"ల్యాంపా?"

"ల్యాంపేనండి. మార్చేసరికి అంతసేపు పట్టింది."

"వేడి మీద మార్చావా? చెయ్యి కాలిందా?"

అతను మొదటిసారి తలెత్తాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఆ గదిలో ఉన్న మనిషి ఫొటో మెట్ల దగ్గర ఇంకా ఉంది. గుర్తుపట్టినట్టున్నాడు, చేతులు కట్టుకున్నాడు. కొంచెం కాలిందన్నాడు.

"కింద తిట్టారా?"

"లేదండి. నాకదే అర్థం కావడం లేదు. ఒక్కళ్లు కూడా తిట్టలేదు."

ఆపరేటర్ గారు తలాడించి, పాసులు తీసుకుని, కోడలి భుజం కోసం చెయ్యి చాపాడు. తొమ్మిది మెట్లూ దిగారు. వీధిలో పండ్ల బళ్లు, సైకిళ్లు, స్కూలు వదిలిన పిల్లలు. మైకమ్మ గొంతు మొదటిసారి నిజంగానే గుసగుసలా వచ్చింది.

"మీకు తెలుసా మామయ్యగారూ?"

"బొమ్మ ఉన్నంతసేపూ నువ్వు చప్పుడుకి అర సెకను వెనక చెప్పావు. బొమ్మ ఎదురుగా ఉంచుకుని చెప్పేవాళ్లకి అంత పడుతుంది. పోయాక ముందుకొచ్చేశావు. ఈ చెవులకి తెలియదా?" అన్నాడు. "పైగా నేను చెప్పిన కథ నాకే అప్పజెప్పావు. వాన చప్పుడు ఒక్క చుక్క లేకుండా గొడుగు వేయించావు."

మైకమ్మ తల దించుకుంది. లేచి వెళ్లిపోతారని భయమేసిందనీ, ఆ రోజు సంగతి గుర్తొస్తుందని భయమేసిందనీ చెప్పింది. పిల్లలు పక్కనుంచి పరుగెత్తుకుపోయారు.

"గుర్తొచ్చింది" అన్నాడు. "ఆ 'ఓ' అనడం వినగానే గుర్తొచ్చింది. లేద్దామనే కర్ర తీశాను. ఇక తిడతారు అనుకున్నాను. నువ్వు చెప్తున్నావు. తిడతారు తిడతారని నేను కాచుకునే ఉన్నాను. వాడెవడో గట్టిగా చెప్పమన్నాడు." ఆయన కర్ర సర్దుకుని పట్టుకున్నాడు. "నా ముప్పై ఎనిమిదేళ్లలో బొమ్మ పోయి, తిట్లు పడని ఆట ఇదొక్కటేనమ్మా. దానికి కూర్చున్నాను. అందుకే చివరిదాకా కూర్చున్నాను."

మైకు ముందు పద్నాలుగేళ్లు కూర్చున్న మనిషికి ఒక్క మాట దొరకలేదు, అచ్చం ఆ పళ్ల డాక్టరు లాగే. భుజం మీద ఆయన చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. ఇంటి సందు మలుపు దగ్గర ఆయన ఆగి, జేబులోంచి పాసులు తీసి, వేళ్లతో తడిమి రెండూ ఉన్నాయో లేదో సరిపెట్టుకుని మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

"రేపు నీకు ఏ డ్యూటీ?"

"పొద్దున డ్యూటీ. రెండింటికల్లా వచ్చేస్తాను."

"అయితే మధ్యాహ్నం ఆటకి చూద్దాం. చివరి పది నిమిషాలు చూడలేదు కదా మనం."

ఇంట్లో ఎవరూ అనని ఆ మాట ఆయన నోట్లోంచి ఎంత మామూలుగా వచ్చిందంటే, మైకమ్మకు కాస్త ఆలస్యంగా తట్టింది. తట్టాక ఆమె అడుగు వెనకబడింది. ఆయన కర్రతో దారి తడుముకుంటూ, ఆమెకంటే ఒక అడుగు ముందు వేశాడు.

"బొమ్మ ఉన్నా సరే, పోయినా సరే, నువ్వు చెప్తూనే ఉండు" అన్నాడు. "గొడుగు మాత్రం వద్దు."